రెండో సంతకం

మా అక్క కొడుకు ఆఫర్ లెటర్‌ని ఫోన్‌లో కాకుండా కాగితం మీద తెచ్చాడు. జేఎన్‌టీయూ దగ్గర జిరాక్స్ కొట్టులో ప్రింటు తీయించాడట, 22 పేజీలు. "కాగితమైతేనే శ్రద్ధగా చదువుతావని తెచ్చాను పిన్నీ" అన్నాడు. నిజమే. ఇరవై ఏళ్ళుగా స్క్రీను మీద అంకెలు చూసి బతుకుతున్నదాన్ని, ఆదివారం పూట కూడా స్క్రీను చూడమంటే కళ్ళు మొరాయిస్తాయి.

వాడి చేతిలో రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి మాదాపూర్‌లో నలభై మంది పనిచేసే చిన్న కంపెనీ. రెండోది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక అమెరికా బ్యాంకు వాళ్ళ కేంద్రం. రెండోదాంట్లో ఏడాదికి లక్షన్నర ఎక్కువ. వాడు మొదటి పేజీలో ఉన్న ఆ అంకె ఒక్కటే చదివాడని చూడగానే తెలిసిపోయింది, మిగతా పేజీల మీద మడత కూడా పడలేదు. నేను చివరి పేజీ నుంచి మొదలుపెట్టాను.

హాల్లో పేపరు చదువుతున్న మా నాన్న తలెత్తకుండానే అడిగాడు: "బ్యాంకంటున్నాడు, బ్రాంచి ఎక్కడ?"

2005లో నన్నూ ఇదే అడిగాడు. నాన్న ఆంధ్రా బ్యాంకులో గుమస్తాగా చేరి ఆఫీసరుగా రిటైరయ్యాడు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు అది. నాన్న దృష్టిలో బ్యాంకంటే కౌంటరు, ఇత్తడి టోకెను, లోపల ఇనప తలుపు. నేను నిడదవోలు నుంచి హైదరాబాద్ వచ్చి, కూకట్‌పల్లిలో కేపీహెచ్‌బీ కాలనీ ఆరో ఫేజులో లేడీస్ హాస్టల్లో దిగి చేరిన బ్యాంకుకు ఊళ్ళో కౌంటరే లేదు. ఖాతాదారు ఎవరూ లోపలికి రారు. నోటు కంటికి కనబడదు. గేటు దగ్గర బోర్డు మీద బ్యాంకు పేరుంటుంది, లోపల వేల మంది కంప్యూటర్ల ముందు కూర్చుని ఉంటారు. "మరి అక్కడ మీరు చేసేదేమిటే?" అని ఆయన ఇరవై ఏళ్ళలో కనీసం యాభై సార్లు అడిగి ఉంటాడు.

చేసేదేమిటో చెప్తాను, ఎందుకంటే లాభనష్టాలన్నీ అందులోంచే పుడతాయి.

పెద్ద విదేశీ బ్యాంకులు, ఫండ్ కంపెనీలు తమ లెక్కల పని, సాఫ్ట్‌వేర్ పని, రిస్కు చూసే పని మన దగ్గర సొంత కేంద్రాల్లో చేయించుకుంటాయి. రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడల మీద ఆ పేర్లే కనిపిస్తాయి: బ్యాంక్ ఆఫ్ అమెరికా, హెచ్ఎస్‌బీసీ, వెల్స్ ఫార్గో, జేపీ మోర్గాన్, స్టేట్ స్ట్రీట్, ఫ్రాంక్లిన్ టెంపుల్టన్. సింగపూర్ వాళ్ళ డీబీఎస్ 2016లో, గోల్డ్‌మన్ శాక్స్ 2021లో, బ్రిటన్ నుంచి లాయిడ్స్ 2023లో వచ్చాయి. తామూ ఇక్కడ కేంద్రం పెడుతున్నామని 2025 మార్చిలో వాన్‌గార్డ్ ప్రకటించింది. మా కూకట్‌పల్లి హాస్టళ్ళు, సాయంత్రం టిఫిన్ బండ్లు, తెల్లవారుజామున వీధి మలుపుల్లో ఆగే తెల్ల క్యాబులు, వీటన్నిటికీ కొంత ఆధారం ఆ మేడలే.

నేను చేసే పనిని రెకాన్ అంటారు, రికన్సిలియేషన్‌కి మేం పెట్టుకున్న ముద్దుపేరు. అమెరికాలో ఒకడు ఇంకొకడి దగ్గర షేర్లు కొన్నాడనుకోండి. కొన్నవాడి పుస్తకంలో ఒక పద్దు, అమ్మినవాడి పుస్తకంలో ఒక పద్దు, షేర్లు దాచిపెట్టే సంస్థ పుస్తకంలో ఇంకో పద్దు. మూడూ కలవాలి. కలవకపోతే దాన్ని బ్రేక్ అంటాం. బ్రేక్ ఎక్కడొచ్చిందో వెతికి, ఎందుకొచ్చిందో రాసి, సరిచేయించడం మా పని. దీన్ని నాన్నకు వివరించడానికి మొదట్లో తంటాలు పడ్డాను. చివరికి ఒకరోజు ఆయనే, "అంటే రోజూ టాలీ చేయడమేగా? మేం పైసా తేడా వస్తే రాత్రి తొమ్మిదైనా ఇంటికొచ్చేవాళ్ళం కాదు. దీనికి ఎంబీఏ ఎందుకే?" అన్నాడు. సమాధానం నా దగ్గర లేదు, ఇప్పటికీ లేదు.

ఒకటి మాత్రం ఆయనకు చెప్పకుండానే అర్థమైంది. ఒకరు రాసిన పద్దును ఇంకొకరు చూసి పాస్ చేయాలి. ఆయన కాలంలో ఆ రెండో మనిషి పాసింగ్ ఆఫీసరు. మా దగ్గర మేకర్, చెకర్ అంటాం. డబ్బు కదిలే ఏ పనీ ఒక్క చేత్తో జరగకూడదు. ఇదంతా చాదస్తమని మా టీములో కొత్తగా చేరిన పిల్లలు గొణుగుతుంటారు. వాళ్ళకు బేరింగ్స్ కథ చెప్తాను. 1762లో పుట్టిన లండన్ బ్యాంకు అది. సింగపూర్ శాఖలో నిక్ లీసన్ అనే కుర్రవాడికి బేరాలు చేసే పని, ఆ బేరాల లెక్కలు చూసే పని రెండూ అప్పజెప్పారు. నష్టాలన్నీ 88888 అనే ఖాతాలో దాచాడు. 1995లో బయటపడేసరికి 82.7 కోట్ల పౌండ్లు పోయాయి. బ్యాంకును ఒక్క పౌండుకు అమ్మేశారు. తన చిట్టా తానే పాస్ చేసుకున్న గుమస్తా కథ అది, అంతకన్నా ఏం లేదు.

రెండో సంతకం ఉంటే చాలా అంటే అదీ కాదు. 2020 ఆగస్టు 11న సిటీబ్యాంకులో జరిగింది మా రంగంలో అందరికీ కంఠతా వచ్చు. రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీకి అప్పిచ్చిన వాళ్ళకు సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాలి. సాఫ్ట్‌వేర్‌లో మూడు గడుల్లో టిక్కు పెట్టాల్సింది, ఒక్క దాంట్లోనే పెట్టారు. వడ్డీతోపాటు అసలు కూడా, అదీ బ్యాంకు సొంత సొమ్ములోంచి, కదిలిపోయింది. మొత్తం 90 కోట్ల డాలర్లకు కాస్త తక్కువ. పద్దు వేసిన మనిషి, చూసిన మనిషి ఇద్దరూ భారతదేశంలో ఒక సేవల సంస్థ ఉద్యోగులు. ఆపైన అమెరికాలో బ్యాంకు అధికారి మూడో కన్ను. ముగ్గురికీ సరిగానే కనబడింది! దాదాపు 50 కోట్ల డాలర్లు అందుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వబోమన్నారు. 2021 ఫిబ్రవరిలో న్యూయార్క్ కోర్టు వాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. 2022 సెప్టెంబరులో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పొరపాటు వార్త వచ్చిన వారం మా అంతస్తులో ఎవరూ పెద్దగా నవ్వలేదు. ఎవరికి వాళ్ళం ఆ చెకర్ కుర్చీలో మమ్మల్ని ఊహించుకున్నాం. రోజుకు రెండు వందల పద్దులు చూసేవాడికి రెండు వందల ఒకటో పద్దు మీద ఎంత చూపు మిగులుతుంది?

అందుకే మా వాడికి ముందు చెప్పింది ఇది. నీకు జీతమిచ్చేది తెలివికి కాదురా, అనుమానానికి. చిన్న కంపెనీలో సోమవారం అనుకున్నది శుక్రవారానికి చేసి చూపించొచ్చు. ఇక్కడ ఒక గడి రంగు మార్చాలన్నా ముగ్గురు ఒప్పుకోవాలి, పరీక్షించాలి, ఆడిట్‌కి కాగితం ఉండాలి. డిసెంబరు వస్తే ఏ మార్పూ చేయొద్దని సాఫ్ట్‌వేర్ మొత్తానికి తాళం వేస్తారు. చురుకైన పిల్లలకు ఇది ఊపిరాడనట్టు ఉంటుంది. నాలాంటి నిదానస్తులకు మహా సుఖం.

వాడు కాస్త డీలాపడ్డాడు. "జీతం సంగతి చూడు పిన్నీ" అన్నాడు.

చూశాను. సీటీసీ అన్నది ఇంటికొచ్చే జీతం కాదని ఈ కాలం పిల్లలకు తెలుసు కానీ, ఎంత కాదో తెలీదు. ఆ అంకెలో కంపెనీ కట్టే పీఎఫ్ ఉంది, బేసిక్‌లో 12 శాతం. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం వేశారు. ఏడాదికి పదిహేను రోజుల జీతాన్ని నెలకు 26 పనిదినాల లెక్కన కడితే వచ్చేదే ఆ అంకె. అది చేతికి రావాలంటే మామూలుగా ఐదేళ్ళు ఉండాలి. వేరియబుల్ అని ఇంకో ముక్క, అది వీడి రేటింగు మీద, బ్యాంకు లాభం మీద ఆధారపడుతుంది. జాయినింగ్ బోనస్ కూడా కలిపారు, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని పదిహేడో పేజీలో ఉంది. అన్నీ తీసేసి పెన్సిలుతో లెక్క వేస్తే రెండు ఉద్యోగాలకూ తేడా నెలకు మూడు, నాలుగు వేలకు మించలేదు. లక్షన్నర ఎటు పోయిందని వాడు మొహం వేలాడేశాడు.

"ఎటూ పోలేదు, పంతొమ్మిదో పేజీలో ఉంది చూడు" అన్నాను. ఆరోగ్య బీమా.

దీని గురించి నేను ఎక్కువగా మాట్లాడతాను, ఓపిక పట్టండి. 2016 జులైలో నాన్నకు గుండెనొప్పి వచ్చింది. అప్పటికి అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చేసి నాలుగేళ్ళయింది. మా ఆపరేషన్స్ అంతస్తులోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. ఖాతాదారుల వివరాలు తెర మీద ఉంటాయి, ఫోటో తీస్తే కొంప మునుగుతుంది కాబట్టి. ఫోను బయట లాకర్లో పెట్టి లోపలికి పోవాలి. కాగితం, పెన్ను కూడా కొన్ని టీముల్లో నిషిద్ధమే. ఆ సాయంత్రం అమ్మ నాకు పదకొండు సార్లు ఫోన్ చేసింది. లాకర్లో ఫోను మోగుతూనే ఉంది. ఎదురింటి వాళ్ళబ్బాయి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. టీ కోసం బయటికొచ్చి లాకర్ తీసినప్పటికి గంటా పది నిమిషాలైంది. అత్యవసరానికి ఒక ల్యాండ్‌లైన్ నంబరు ఉందని, అది ఇంట్లో రాసి పెట్టుకోవాలని చేరిన రోజు చెప్పారు. పెట్టుకోలేదు. తప్పు నాదే. కానీ ఆ గంటా పది నిమిషాలను ఇప్పటికీ నా లెక్కలో టాలీ చేయలేకపోతున్నాను.

అదే రాత్రి ఆసుపత్రి కౌంటరులో డబ్బు కట్టమన్నప్పుడు నా ఉద్యోగి కార్డు, బీమా నంబరు ఇచ్చాను. బైపాస్ చేయాలన్నారు. నాన్నకు పదేళ్ళుగా షుగరు ఉంది. సొంతంగా పాలసీ కొనబోతే, ముందునుంచీ ఉన్న జబ్బులకు కొన్నేళ్ళు ఆగమంటారు. కంపెనీ గ్రూపు పాలసీలో ఆ ఆగడం లేదు. తల్లిదండ్రులను చేర్చుకోవడానికి ఏటా నా జీతంలోంచి కొంత కోసేవాళ్ళు, అప్పటిదాకా దండగనుకునేదాన్ని. మా చేతినుంచి పోయింది చిల్లర ఖర్చులే. ఫోను లాకర్లో పెట్టించిందీ, ఆపరేషన్ చేయించిందీ ఒకే ఉద్యోగం. ఆ రోజు తర్వాత ఎవరైనా ఇది మంచి ఉద్యోగమా, చెడ్డదా అని అడిగితే నాకు మాట తడుముకోవడమే అలవాటైంది.

బీమాలో ఒక మెలిక ఉంది, అదీ వాడికి చెప్పాను. ఉద్యోగం మానిన రోజున ఆ కార్డు కూడా పోతుంది. కంపెనీ పాలసీ ఉందికదా అని సొంతది కొనకుండా నలభై ఐదేళ్ళదాకా లాక్కొచ్చినవాళ్ళు మా అంతస్తులో ఎంతోమంది ఉన్నారు. ఇప్పుడు కొనబోతే బీపీ, షుగరు, అన్నీ ఉన్నాయి.

పెద్ద కంపెనీ పేరుకు బయట విలువ ఉంటుంది, కాదనను. ఇంటి లోనుకు వెళ్తే బ్యాంకువాళ్ళ దగ్గర కంపెనీల పట్టిక ఉంటుంది, మనది ఏ కేటగిరీ అయితే కాగితాలు చకచకా కదులుతాయి. తొమ్మిదో ఫేజులో మా ఫ్లాటు అలా వచ్చిందే. పెళ్ళి సంబంధాల సంగతి మా అక్కను అడగండి, ఆఫర్ లెటర్ రాకముందే పాంప్లెట్ వేయించేట్టుంది. ఆడవాళ్ళకు చట్టం ప్రకారం రావాల్సినవి ఇక్కడ అడగకుండానే అందుతాయి. నాకు పాప పుట్టినప్పుడు, 2010లో, సెలవు 12 వారాలే. పాలు మాన్పించలేక ఏడ్చుకుంటూ డ్యూటీకి వెళ్ళాను. 2017 ఏప్రిల్ నుంచి అది 26 వారాలైంది. మా టీములో అమ్మాయిలు ఆరు నెలలు హాయిగా పుట్టింట్లో ఉండి వస్తుంటే సంతోషంగానే ఉంటుంది, కొంచెం కుళ్ళుగా కూడా.

ఇక రాత్రుళ్ళు. న్యూయార్క్ మార్కెట్ వాళ్ళ సాయంత్రం నాలుగింటికి మూస్తారు. మనకది వేసవిలో రాత్రి ఒంటిగంటన్నర, చలికాలంలో రెండున్నర. అమెరికావాళ్ళు మార్చిలో, నవంబరులో గడియారం ముల్లు గంట తిప్పినప్పుడల్లా కూకట్‌పల్లిలో మా ఇంట్లో అన్నం వేళ మారుతుంది. పైగా 2024 మే 28 నుంచి అక్కడ షేర్ల లావాదేవీలు రెండు రోజులకు బదులు ఒక్కరోజులో తేలిపోవాలన్న నియమం వచ్చింది. మన దేశంలో అది 2023 జనవరికే పూర్తయింది. పేపర్లో అది మదుపరులకు శుభవార్త. మాకు మాత్రం రేపు చూద్దాంలే అనుకునే బ్రేకులన్నీ ఈ రాత్రికే చూడాల్సినవయ్యాయి.

రానూపోనూ సంగతి కూకట్‌పల్లి వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మాకు మెట్రో 2017 నవంబరులో వచ్చింది, రాయదుర్గం దాకా 2019 నవంబరులో వెళ్ళింది. మా కాలనీ నుంచి హైటెక్ సిటీకి రోడ్డు మీద ఆరేడు కిలోమీటర్లు. మెట్రోలో పోవాలంటే ముందు వెనక్కి అమీర్‌పేట వెళ్ళి, బండి మారి, మళ్ళీ ముందుకు రావాలి. ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపినట్టు. రాయదుర్గంలో దిగాక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి ఇంకా బస్సో క్యాబో పట్టాలి. కంపెనీ క్యాబు ఉన్నా వాన పడితే అంతే. "హైటెక్ సిటీ రైల్వే బ్రిడ్జి కింద నీళ్ళు నిండినయ్ మేడమ్, కైతలాపూర్ మీదికెళ్లి తిప్పుకపోదాం" అంటాడు మా డ్రైవరు. అందరు డ్రైవర్లకూ అదే తోస్తుంది కాబట్టి ఆ ఫ్లైఓవరు మీద గంట. సంక్రాంతికి కేపీహెచ్‌బీ రోడ్డంతా గోదావరి జిల్లాల బస్సులతో నిండిపోయి ఊళ్ళు కదిలిపోతుంటే, మా టీములో సగం మంది చీటీ తీసి ఓడిపోయి డెస్కు దగ్గర కూర్చుంటాం. అమెరికాకు భోగి తెలీదు కదా.

ఇవన్నీ వాడు విన్నాడు. వాడు తుళ్ళిపడింది మాత్రం ఇరవై ఒకటో పేజీ దగ్గర. షేర్లు కొనడానికి అనుమతి అడగాలని ఉంది అందులో.

ఆర్థిక సంస్థలో పనిచేస్తే నీ డబ్బు మీద కూడా వాళ్ళ కన్ను ఉంటుంది. డీమ్యాట్ ఖాతా ఉంటే చెప్పాలి. భార్యది, భర్తది, మనమీద ఆధారపడ్డవాళ్ళదీ చెప్పాలి. చాలా చోట్ల కొనే ముందు అనుమతి తీసుకోవాలి, కొన్నాక కొంతకాలం అమ్మకూడదు. పొద్దున కొని మధ్యాహ్నం అమ్మే ఆటలు సాగవు. లోపలి సమాచారంతో ఎవరూ సొమ్ము చేసుకోకూడదనే ఇదంతా, న్యాయమే. మా ఆయనకు ఈ న్యాయం రుచించదు. ఏదైనా ఐపీవోకి దరఖాస్తు పెట్టాలంటే ఆయన నాకు చెప్పాలి, నేను న్యూయార్క్‌కి చెప్పాలి. అనుమతి వచ్చేసరికి గడువు దాటిన సందర్భాలు రెండున్నాయి, ఆ రెండూ ఇప్పటికీ మా ఇంట్లో చర్చకు వస్తుంటాయి. ఒక దీపావళికి మాకు సామాను సరఫరా చేసే ఆయన తాపేశ్వరం కాజాల డబ్బా ఇచ్చి వెళ్ళాడు. దాని విలువెంతో కట్టి, కానుకల పట్టికలో నమోదు చేసి, పైవాళ్ళు ఒప్పుకున్నాక తెరిచాం. కాజాలు గట్టిపడిపోయాయి.

సెలవు కూడా అనుమానంతోనే ఇస్తారు. ముఖ్యమైన సీట్లలో ఉన్నవాళ్ళు ఏడాదికోసారి రెండు వారాలు వరసగా పనికి దూరంగా ఉండాలి, లాగిన్ కూడా తీసేస్తారు. ఏదైనా దాస్తుంటే ఆ రెండు వారాల్లో బయటపడుతుందని. 2008 జనవరిలో ఫ్రాన్స్‌లో సొసైటీ జనరాల్ బ్యాంకుకు 490 కోట్ల యూరోల నష్టం తెచ్చిన జెరోమ్ కెర్వియెల్ సెలవు పెట్టడానికి ఇష్టపడేవాడు కాదు. మన రిజర్వు బ్యాంకు కూడా 2021 జులైలో ఇలాంటి నియమాన్నే బిగించింది: కీలకమైన చోట్ల పనిచేసేవాళ్ళు కనీసం పది పనిదినాలు ఒకే విడతలో సెలవులో ఉండాలి, అదీ ముందుగా చెప్పకుండా పంపాలి. నాన్న ఇది విని, "మా రోజుల్లో సెలవు పెట్టనివాడిని నిజాయితీపరుడనేవాళ్ళం" అని ఆశ్చర్యపోయాడు.

వీటన్నిటికన్నా పెద్ద నష్టం కాగితం మీద ఎక్కడా ఉండదు.

2005లో నేను చేరిన పని అంతకుముందు అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో జరిగేది. అక్కడ ఒకావిడ ఇరవై మూడేళ్ళుగా చేస్తోంది. ఆరు వారాలు రాత్రిపూట ఫోన్లో నాకు నేర్పింది. దీన్ని నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటారు. ఆ ఆరు వారాలు పూర్తయితే తన ఉద్యోగం ఉండదని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. చివరి రోజు ఒకటి చెప్పింది: నెలాఖరున మూడో కాలమ్ ఎప్పుడూ తప్పే వస్తుంది, కంగారుపడకు, మర్నాడు దానంతటదే సరిపోతుంది, ఇది ఏ డాక్యుమెంట్‌లోనూ రాయలేదు. నేను ఎనిమిదేళ్ళు ఆ మూడో కాలమ్‌ని అలాగే చూసుకున్నాను. 2013లో ఆ పని ఇంకో ఊరికి, ఇంకా చవకైన చోటుకి తరలించారు. ఈసారి నేర్పేది నేను. అవతల ఇద్దరు పిల్లలు, శ్రద్ధగా రాసుకున్నారు. చివరి రోజు వాళ్ళకు మూడో కాలమ్ గురించి చెప్పాను.

నన్ను తీసేయలేదు, వేరే టీములో వేశారు. కానీ బయట ఉద్యోగం చూసుకుందామని రెజ్యుమే రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడలేదు. ఎనిమిదేళ్ళలో నాకు తెలిసింది ఒకే రకం లావాదేవీలో ఒకే ముక్క, అదీ ఆ బ్యాంకు గోడ దాటితే ఎవరూ పేరు వినని సాఫ్ట్‌వేర్‌లో. నాన్నకు మాత్రం నాలుగేళ్ళ సర్వీసులోనే డిపాజిట్లు, లోన్లు, క్యాషు అన్నీ వచ్చు. పెద్ద సంస్థలో పని అంత సన్నగా కోస్తారు. ముక్క మీద పట్టు వస్తుంది, మొత్తం కనబడదు. హోదాలు మాత్రం పెద్దవి. నేను వైస్ ప్రెసిడెంట్ అయినప్పుడు నాన్న నిడదవోలులో పాత స్నేహితులందరికీ ఫోన్లు చేశాడు. మా అంతస్తులోనే ఇంకో ముప్ఫై మంది వైస్ ప్రెసిడెంట్లున్నారని చాలాకాలం ఆయనకు చెప్పలేదు.

మనం కూర్చునే కుర్చీ మీద నిర్ణయం ఎక్కడో జరుగుతుంది. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీస్తే ముంబయి పొవాయిలో ఉన్న వాళ్ళ బ్యాక్ ఆఫీసు జపాన్ కంపెనీ నొమురా చేతికి వెళ్ళింది. మన దగ్గరే, 2009లో స్విట్జర్లాండ్ బ్యాంకు యూబీఎస్ తన హైదరాబాద్ కేంద్రాన్ని సుమారు 2,000 మంది ఉద్యోగులతో సహా కాగ్నిజెంట్‌కు అమ్మింది. బ్యాంకు ఉద్యోగులు ఐటీ సేవల కంపెనీ ఉద్యోగులయ్యారు. అదే ఏడాది జనవరి 7న సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల గుట్టు రట్టయింది. ఆ రోజుల్లో మా హాస్టల్ మెస్‌లో ఎవరూ ఏ కంపెనీయో అడిగేవాళ్ళు కాదు. గదులు మాత్రం నెలనెలా ఖాళీ అవుతుండేవి. చిన్న కంపెనీ మునిగితే ముందు కాఫీ మెషీన్ ఆగుతుంది, తర్వాత జీతం ఆలస్యమవుతుంది, మనకు తెలుస్తుంది. పెద్దది ఆఖరి రోజుదాకా పుట్టినరోజు కేకులు కోయిస్తూనే ఉంటుంది.

మా వాడు అన్నీ విని, "ఇంతకీ చేరమంటావా, వద్దంటావా?" అన్నాడు.

చేరమనే అన్నాను. వాళ్ళ నాన్న లేడు, అక్కకు థైరాయిడ్, కీళ్ళనొప్పులు. వాడి ఇంటికి పంతొమ్మిదో పేజీ కావాలి. మాదాపూర్ కంపెనీ వాడికి ఎక్కువ పని నేర్పుతుందని నాకూ తెలుసు. ఇంట్లో జబ్బు మనుషులు లేకపోతే అటే పొమ్మనేదాన్ని. మూడేళ్ళకోసారి టీము మారరా, మార్చకపోతే అడుగు, అడిగినా మార్చకపోతే బయట చూసుకో అన్నాను. నోటీసు పీరియడ్ 90 రోజులని, బయటివాళ్ళు 30 రోజుల్లో రమ్మంటారని, ఆ మధ్యలో నలిగిపోకుండా ముందే చూసుకోమని కూడా చెప్పాను. సొంత బీమా పాలసీ మొదటి జీతంతోనే తీసుకోమన్నాను. ల్యాండ్‌లైన్ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించమన్నాను.

లాప్‌టాప్ తెరిచి చేరేముందు నింపాల్సిన ఫారాలు నింపడం మొదలుపెట్టాడు. షేర్ల దగ్గర ఆగాడు. వాడి పేరు మీద ఉన్నవి తాతయ్య బదిలీ చేసినవే. నాన్న దగ్గర 200 ఆంధ్రా బ్యాంకు షేర్లుండేవి. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు వెయ్యికి 325 లెక్కన ఇచ్చారు. అలా 200 కాస్తా 65 అయ్యాయి. నాన్న ఆ విషయం ఎప్పుడూ మాట్లాడడు. వాడు ఇంటర్ పాసైన రోజున ఆ 65 వాడికిచ్చేశాడు.

షేర్ల మాట చెవిన పడి నాన్న పేపరు మడిచి లేచొచ్చాడు. కళ్ళజోడు సరిచేసుకుని, వాడి భుజం మీదుగా వంగి తెర వంక చూశాడు. వేలితో అంకెను చూపిస్తూ, "అరవై ఐదు అని పక్కన అక్షరాల్లో కూడా రాయి" అన్నాడు.

"అక్షరాలు పట్టవు తాతా, ఈ గడిలో అంకెలే పడతాయి."

నాన్న ఒక క్షణం ఆలోచించాడు. "మరి ఎవరైనా పక్కన సున్నా చేరిస్తే?" అన్నాడు.